ఊరిపేరు నుంచి వెబ్ చిరునామా దాకా: నల్లగొండ, పాలమూరు స్థలనామాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సామాజిక మాధ్యమంలో కొత్తగా తెరిచిన పేజీకి సొంత వెబ్ చిరునామా పెట్టుకోవడం పైకి చిన్న సాంకేతిక వ్యవహారం. స్థలనామ చరిత్ర దృష్టితో చూస్తే ఇది తంతి చిరునామా నమోదు, పత్రికకు పేరు పెట్టడం వంటి పాత పద్ధతులకు కొనసాగింపు. ఒక పేరు ఒకరికే చెందాలన్న నియమం ఒకప్పుడు పట్టణం వరకూ, తరువాత భాష, రాష్ట్రం వరకూ వర్తించి, నేడు ప్రపంచమంతటికీ విస్తరించింది. ఈ విస్తరణ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేర్లపై చూపిన ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్థలనామాలు, వెబ్ చిరునామా, నీలగిరి, పాలమూరు, లిప్యంతరీకరణ, జిల్లాల పునర్విభజన, పోచంపల్లి.

ఉపోద్ఘాతం

2009 జూన్ 13న, భారత కాలమానం ప్రకారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, ఫేస్‌బుక్ సంస్థ తన సభ్యులకు సొంత చిరునామా ఎంచుకునే వీలు కల్పించింది. అప్పటిదాకా ప్రతి ఖాతాకూ, ప్రతి పేజీకీ చిరునామా చివర పొడవైన అంకెల వరుస ఉండేది. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేరు, నోటితో చెప్పలేరు, కరపత్రం మీద అచ్చువేయలేరు. ఆ అంకెల స్థానంలో ఇష్టమైన పదం పెట్టుకునే సౌకర్యం రాగానే మొదటి మూడు నిమిషాల్లో రెండు లక్షలకు పైగా పేర్లు నమోదయ్యాయి. ముందు అడిగినవారిదే పేరు. ఆరంభ నియమాల ప్రకారం ఒకసారి పెట్టిన పేరును మార్చుకోవడానికీ, మరొకరికి బదిలీ చేయడానికీ వీలు లేదు. సంస్థల, సంఘాల పేజీలకు మొదట 1000 మంది అభిమానులు ఉంటేనే ఈ అవకాశం దక్కింది. తరువాత ఆ సంఖ్య 100కు, ఆపైన 25కు తగ్గింది.

మిగిలిన నియమాలు కూడా గమనించదగినవి. పేరులో కనీసం ఐదు అక్షరాలుండాలి. రోమన్ అక్షరాలు, అంకెలు, చుక్క తప్ప మరేదీ చెల్లదు. చుక్క పెట్టినా పెట్టకపోయినా, పెద్దక్షరం రాసినా చిన్నక్షరం రాసినా అది ఒకే పేరుగా లెక్క. వాణిజ్య చిహ్నాలు నమోదు చేసుకున్నవారికి తమ పేర్లను ముందుగా కాపాడుకునే ఏర్పాటు ఆరంభంలో ఉండేది. ఊరి పేరు ఎవరి వాణిజ్య చిహ్నమూ కాదు. అందువల్ల దానికి అటువంటి రక్షణ లేదు. ఊరి పేరు ఊరందరిది. ఊరి పేరుతో ఉన్న చిరునామా మాత్రం ఒక్కరిది. ఈ వ్యాసంలోని చర్చ అంతా ఈ వైరుధ్యం చుట్టూ సాగుతుంది.

పేరుకు గల పరిధి

ఇటువంటి ఏర్పాటు పూర్వం లేనిది కాదు. తంతి తపాలా కాలంలో వర్తకసంస్థలు, పత్రికాకార్యాలయాలు రుసుము చెల్లించి ఒక పొట్టి పదాన్ని తమ తంతి చిరునామాగా నమోదు చేసుకునేవి. తంతిలో మాటకు ఇంత అని ఖర్చు గనుక పూర్తి చిరునామా రాయడం భారమయ్యేది. నమోదైన పదం, దాని పక్కన ఊరిపేరు రాస్తే చాలు, వార్త చేరేది. ఇక్కడ గమనించవలసింది ఆ రెండో మాట. ఒకే పదాన్ని సికింద్రాబాదులో ఒకరు, బెజవాడలో మరొకరు వాడుకోవచ్చు. పక్కనున్న ఊరిపేరే ఇద్దరినీ వేరుచేస్తుంది. 2013 జూలైలో తంతి సేవ ముగిసేనాటికి ఈ పద్ధతి చాలామంది జ్ఞాపకం నుంచి కూడా తొలగిపోయింది.

పత్రికల పేర్ల విషయంలో పరిధి ఇంకొంచెం పెద్దది. స్వాతంత్ర్యానంతరం సవరణలు పొందిన 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం, ఒక భాషలో గానీ ఒక రాష్ట్రంలో గానీ ఇప్పటికే ఉన్న పత్రిక పేరును, దానికి దగ్గరగా ఉన్న పేరును మరో పత్రికకు ఇవ్వకూడదన్న నియమం ఉండేది. 1956 జూలైలో ఏర్పడిన పత్రికల రిజిస్ట్రారు కార్యాలయం ఈ పేర్ల పరిశీలన చేసేది. అంటే తెలుగులో ఒక పేరు ఒకరికి దక్కినా, అదే పేరుతో వేరే రాష్ట్రంలో వేరే భాషలో పత్రిక వెలువడవచ్చు.

సామాజిక మాధ్యమం ఈ హద్దులను తీసివేసింది. పట్టణం, భాష, రాష్ట్రం అన్న భేదం లేకుండా ప్రపంచమంతటికీ ఒకే పట్టిక. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాలు ఇందుకు భిన్నం. నల్లగొండ జిల్లా వెబ్‌సైటు చిరునామాలో మొదట జిల్లా, తరువాత రాష్ట్రం, ఆ తరువాత ప్రభుత్వమని తెలిపే సంకేతం, చివర దేశసూచి వస్తాయి. చిన్నదాని నుంచి పెద్దదానికి సాగే ఈ క్రమం మన కవరు మీద ఊరు, పోస్టు, మండలం, జిల్లా అని రాసే క్రమమే. సామాజిక మాధ్యమంలో పోస్టూ లేదు, మండలమూ లేదు. పదం ఒక్కటే నిలబడాలి.

నీలగిరి దక్కలేదు, పాలమూరు దక్కింది

ఈ మార్పు ప్రభావం రెండు జిల్లాలపై ఒకే తీరుగా లేదు. రెండింటికీ వ్యవహారంలో ఉన్న పేరుతోపాటు ఒక పాతపేరు ఉంది. నల్లగొండకు నీలగిరి, మహబూబ్‌నగర్‌కు పాలమూరు.

నిజాం రాష్ట్రంలో తెలుగు పత్రిక నడపడమే సాహసమైన రోజుల్లో, 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు నల్లగొండ నుంచి ఒక వారపత్రిక ప్రారంభించారు. దానికి ఆయన పెట్టిన పేరు 'నీలగిరి'. అంతకుముందే 1913లో మహబూబ్‌నగర్ నుంచి వెలువడిన 'హితబోధిని' తన ప్రయోజనాన్ని పేరుగా చేసుకుంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదు నుంచి స్థాపించిన 'గోలకొండ' ఒక కోట పేరుతో తెలంగాణ మొత్తాన్ని సూచించింది. వీటి మధ్య 'నీలగిరి' ప్రత్యేకత ఏమంటే, అది పాలనావ్యవహారంలో ఉన్న నల్లగొండ అన్న రూపాన్ని కాక, దానికి సమానార్థకమైన సంస్కృత రూపాన్ని ఎంచుకుంది. అప్పటి పాఠకుడికి ఇందులో సందిగ్ధం లేదు. పత్రిక అచ్చయ్యే ఊరు తెలుసు, చదివేవారు ఆ చుట్టుపక్కలవారు. తమిళనాడులోని నీలగిరి పర్వతాలు వారికి గుర్తుకు వచ్చినా అడ్డురావు.

అదే పదాన్ని నేడు వెబ్ చిరునామాగా కోరుకునేవారికి ఆ సౌలభ్యం లేదు. రోమన్ లిపిలో ఆ పదం నీలగిరి కొండలది, అక్కడి తేయాకుది, ఆ పేరుతో నడిచే దుకాణాలది. నల్లగొండ వారికి మిగిలేది ఆ పదం వెనుక మరో పదమో అంకెలో తగిలించుకోవడం. స్థానికుల మాటలో, సంఘాల బ్యానర్ల మీద నీలగిరి ఇంకా బతికే ఉంది. చిరునామాలోకి మాత్రం తోక లేకుండా రాలేకపోతున్నది.

పాలమూరు కథ ఇందుకు విరుద్ధం. ఆ ఊరికి పాలమూరు అనీ రుక్మమ్మపేట అనీ పేర్లుండగా, 1890 డిసెంబరు 4న ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అని మార్చారు. పాలనలో కొత్తపేరు స్థిరపడింది. పాతపేరు మాత్రం నోళ్లలో నిలిచింది. కరువు తరిమితే బతుకుదెరువుకు దేశమంతా తిరిగి కాలువలు, ఆనకట్టలు, రోడ్లు కట్టిన కూలీలను అందరూ 'పాలమూరు లేబర్' అనే పిలిచారు తప్ప మహబూబ్‌నగర్ లేబర్ అనలేదు. 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి పాలమూరు పేరే పెట్టారు. 2015లో శంకుస్థాపన జరిగిన ఎత్తిపోతల పథకం పేరులోనూ పాలమూరే ముందుంది. ఈ పదానికి ప్రపంచంలో చెప్పుకోదగిన పోటీదారు లేదు. ఎనిమిది రోమన్ అక్షరాల్లో ఇముడుతుంది. వర్ణక్రమంలో తేడాలు తక్కువ. తెలుగు ధర్మానికి అనుగుణంగా అచ్చుతో ముగుస్తుంది. చిరునామాకు కావలసిన లక్షణాలన్నీ, ఎవరూ ఉద్దేశించకుండానే, అందులో కుదిరాయి. జిల్లా పేర్లలో ప్రభుత్వం పక్కన పెట్టిన పేరు కొత్త మాధ్యమానికి మరింత అనుకూలంగా ఉండడం విశేషమే. దీన్ని పూర్తిగా సాంస్కృతిక పునరుజ్జీవనంగా వర్ణించడం అతిశయోక్తి అవుతుంది. పొట్టి పేరు దొరకడం కూడా అందులో ఒక కారణం.

విశ్వవిద్యాలయాల విషయంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. నల్లగొండలో 2007లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు. అదే పేరుతో కేరళలోని కొట్టాయంలో అంతకుముందే ఒక విశ్వవిద్యాలయం ఉంది. 'ఎంజీయూ' అన్న మూడక్షరాల చిరునామా దానిది. నల్లగొండ విద్యాసంస్థ 'ఎంజీ' పక్కన 'యూనివర్సిటీ' అన్న మాటను పూర్తిగా చేర్చుకొని తన చిరునామాను ఏర్పరచుకోవలసి వచ్చింది. పాలమూరు విశ్వవిద్యాలయానికి ఆ ఇబ్బంది కలగలేదు.

వర్ణక్రమం చిక్కులు

మహబూబ్ అన్నది అరబ్బీ పదం. మూలంలో 'హ' తరువాత అచ్చు లేదు. 'హ్బ' అన్న సంయుక్తమే ఉంది. తెలుగువారి నోట ఆ రెండు హల్లుల మధ్య అకారం వచ్చి చేరింది. రోమన్ లిపిలో ఈ రెండు ఉచ్చారణలూ రెండు వర్ణక్రమాలుగా నిలిచాయి. రైల్వే స్టేషను పేరులో 'హెచ్' పక్కనే 'బి' వస్తుంది. జిల్లా అధికారిక వెబ్‌సైటు చిరునామాలో ఆ రెండింటి మధ్య 'ఏ' చేరింది. దీర్ఘానికి 'యూ' రాసేవారు కొందరు, రెండు 'ఓ'లు రాసేవారు కొందరు. ఈ రెండు భేదాలను కలిపితేనే ఒక్క పేరుకు నాలుగు రూపాలు. ఉత్తరంలో ఏది రాసినా తపాలా ఉద్యోగి పోల్చుకునేవాడు. 1972లో పిన్‌కోడు వచ్చాక 509001 అన్న అంకె మిగిలిన సందేహమూ తీర్చింది. వెబ్ చిరునామాలో అటువంటి ఉద్యోగి లేడు. ఒక్క అక్షరం తేడా వస్తే అది వేరొకరి ఇల్లు.

నల్లగొండలో చిక్కు వేరు. 'నల్ల', 'కొండ' కలిసి ఏర్పడిన ఈ సమాసంలో కకారం గకారమైంది. తెలుగులోనే నల్లగొండ, నల్గొండ అని రెండు రూపాలు వాడుకలో ఉన్నాయి. అధికారిక రోమన్ రూపం రెండో దానికి దగ్గరిది. ఉర్దూ రాతలో ద్విత్వాన్నీ హ్రస్వాచ్చులనూ సాధారణంగా గుర్తించరు. పాలనాభాషగా ఉర్దూ ఉన్న కాలపు అలవాటు ఈ కుదింపుకు తోడ్పడి ఉండవచ్చు. ఏమైనా, చిరునామాలో 'నల్ల' అన్న మాట కనుమరుగైంది. ఆ ఊరికి పేరునిచ్చిన కొండ రంగు అందులో లేదు.

పొడవు కూడా ఒక పరిమితి. ట్విటర్‌లో ఖాతాపేరుకు 15 అక్షరాలే గరిష్ఠం. ఆంగ్లంలో 'కలెక్టర్' అన్న మాటకే తొమ్మిది పోతాయి. మిగిలిన ఆరింటిలో నల్గొండా పట్టదు, మహబూబ్‌నగరూ పట్టదు. అప్పుడు రైల్వేవారి పద్ధతిలో పొడి అక్షరాలను ఆశ్రయించవలసి వస్తుంది. మహబూబ్‌నగర్ స్టేషనుకు రైల్వే ఇచ్చిన 'ఎం.బి.ఎన్.ఆర్.' వంటి సంకేతాలు ఈ విధంగా కొత్త అక్కరకు వచ్చాయి. పల్లెల్లోనూ ఈ అలవాటు పాతదే. నల్లగొండ జిల్లాలోని పెద్ద అడిశర్లపల్లిని జనం ఏనాడో పి.ఎ.పల్లి చేసుకున్నారు.

అయితే పొడి అక్షరాలకు స్థిరత్వం తక్కువ. 2024 మార్చిలో తెలంగాణ సంకేతం 'టీఎస్' నుంచి 'టీజీ'కి మారినప్పుడు రవాణా సంస్థ, పబ్లిక్ సర్వీస్ కమిషన్ వంటివి తమ పొట్టి పేర్లను మార్చుకున్నాయి. వాటితోపాటు చిరునామాలూ మారాయి. రాష్ట్రం పేరును పూర్తిగా రాసుకున్న జిల్లా వెబ్‌సైట్లకు ఆ బెడద లేదు. వెబ్ రూపకర్త టిమ్ బెర్నర్స్‌లీ 1998లోనే చిరునామాలు మారకుండా ఉండేలా ముందుచూపుతో పేర్లు పెట్టాలని వాదిస్తూ ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. పాత చిరునామా ఉన్న ప్రతి పుస్తకమూ, ప్రతి గోడపత్రమూ పేరు మారిన మరునాటి నుంచి తప్పుదారి చూపుతుందన్నది అనుభవంలో తేలిన సంగతి.

తెలుగు లిపిలో చిరునామా

ఈ చిక్కులన్నీ రోమన్ లిపివల్ల వచ్చినవే గదా, తెలుగులోనే చిరునామా పెట్టుకుంటే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సాంకేతికంగా ఇది అసాధ్యం కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాల చిరునామాల్లో తెలుగు శీర్షికలే ఉంటాయి. దేశసూచిగా తెలుగు లిపిలో 'భారత్' అన్న కొస కూడా 2011లోనే కేటాయింపు పొందింది. యూట్యూబ్ 2022లో ప్రవేశపెట్టిన ఖాతాపేర్లలో తరువాతి కాలంలో రోమనేతర లిపులకు కూడా చోటిచ్చింది.

ఆచరణలో రెండు అడ్డంకులున్నాయి. మొదటిది కనిపించేది. వికీపీడియా వంటి చోట చిరునామాలోని తెలుగును నకలు చేసి మరోచోట అతికిస్తే తరచుగా శాతం గుర్తులతో నిండిన సంకేతాల వరుస ప్రత్యక్షమవుతుంది. ఒక్కో తెలుగు సంకేతానికి తొమ్మిది రోమన్ గుర్తులు పడతాయి. పాలమూరులో గుణింతపు గుర్తులతో కలిపి ఏడు సంకేతాలుంటాయి గనుక మొత్తం 63 గుర్తులు. ఎనిమిది అక్షరాల రోమన్ రూపంతో పోలిస్తే ఇది దాదాపు ఎనిమిది రెట్లు. తన ఊరిపేరు తన లిపిలో రాసుకున్నవాడికి ఆ గజిబిజి కనిపిస్తే, ఏదో పొరపాటు జరిగిందనుకొని రోమన్‌కు మరలిపోవడంలో వింత లేదు.

రెండోది కంటికి కనిపించనిది. మహబూబ్‌నగర్ అన్న పదాన్ని తెలుగులో సరిగా రాయాలంటే పొల్లు 'బ్' తరువాత ఒక అదృశ్య సంకేతం ఉండాలి. అది లేకపోతే మహబూబ్నగర్ అని నకారం ఒత్తుగా దిగిపోతుంది. నాగర్‌కర్నూలుకూ ఇదే పరిస్థితి. కంటికి కనిపించని గుర్తు మోసాలకు దారితీస్తుందన్న జాగ్రత్తతో వెబ్ చిరునామాల ప్రమాణాలు దానికి షరతులతోనే చోటిస్తాయి. పాలమూరు, నల్లగొండ, వనపర్తి, గద్వాల అన్న అజంత పదాలకు ఈ సమస్యే లేదు. పొల్లు హల్లులను పదమధ్యంలో మోసే అన్యభాషా సమాసాలే తెలుగు లిపిలోని చిరునామాకు ఎదురు తిరుగుతాయి. వ్యాకరణం పాఠ్యపుస్తకంలో ఉండిపోయిందనుకునేవారికి ఇది ఆసక్తికరమైన ఉదాహరణ.

జంటపేర్లు

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట చేరింది. ప్రతి కొత్త జిల్లాకూ కార్యాలయం, బోర్డు, ముద్రతోపాటు వెబ్ చిరునామా కూడా అవసరమైంది. వీటిలో రెండు జంటపేర్లు. దైవక్షేత్రం పేరు ముందు, పట్టణం పేరు వెనుక. అధికారిక చిరునామాలో మాత్రం ఒక్కొక్కటికి ఒక్క మాటే మిగిలింది. జోగులాంబ గద్వాలలో పట్టణమైన గద్వాల నిలిచింది, దేవత పేరు తొలగింది. యాదాద్రి భువనగిరిలో క్షేత్రమైన యాదాద్రి నిలిచింది, జిల్లా కేంద్రమైన భువనగిరి తొలగింది. ఉత్తర్వులో రెండు పేర్లకూ సమాన గౌరవం. చిరునామాలో ఎంపిక తప్పలేదు. ఆ ఎంపిక రెండుచోట్లా రెండు రకాలుగా జరిగింది. భువనగిరికి ఇటువంటి అనుభవం కొత్త కాదు. రైల్వే వారి రోమన్ రాతలో అది ఏనాడో 'భోంగీర్' అయింది.

ఆత్మకూరు, పోచంపల్లి

జిల్లాల కన్నా చిన్న ఊళ్ల దగ్గర ఈ సమస్య మరింత ముదురుతుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోనే ఆత్మకూరు పేరుతో మూడు మండలాలున్నాయి. వనపర్తి జిల్లాలో ఒకటి, సూర్యాపేట జిల్లాలో ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి. ప్రభుత్వం రెండో దానికి బ్రాకెట్లో 'ఎస్' అనీ, మూడో దానికి బ్రాకెట్లో 'ఎం' అనీ చేర్చి తేడా చూపింది. కృష్ణకు ఆవల రాయలసీమలోనూ నెల్లూరులోనూ మరిన్ని ఆత్మకూర్లు. ఒక పేరు పలు ఊళ్లకు ఉండడం మన సంప్రదాయంలో దోషం కాదు. దానికి పరిష్కారాలూ ఉన్నాయి. పెద్ద, చిన్న, పాత, కొత్త అన్న తెలుగు విశేషణాలు, రెవెన్యూ రికార్డుల్లోని ఖుర్ద్, కలాన్, బుజుర్గ్ అన్న ఉర్దూ గుర్తులు ఇందుకోసం పుట్టినవే. వెబ్ చిరునామాలో బ్రాకెట్టు చెల్లదు. మొదట వచ్చిన ఆత్మకూరువారు పేరు పట్టుకుపోతే మిగిలిన ఊళ్లవారు తమ పేరుకు తామే పరాయివారవుతారు.

ఇందులో ఆత్మగౌరవం మాటే కాక జీవనోపాధి కూడా ఇమిడి ఉన్న ఊరు పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చిన నాటి నుంచి అది భూదాన్ పోచంపల్లి. అంతకుమించి అది చిటికీ నేతకు పేరుపడ్డ ఊరు. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలోనూ ఒక పోచంపల్లి ఉంది. తెలుగు పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. గద్వాల, నారాయణపేట చీరలకూ ఆ గుర్తింపు దక్కింది. ఈ గుర్తింపు వెనుక ఉన్న 1999 నాటి చట్టం ఊరిపేరును ఆ ఊరి ఉత్పత్తిదారుల ఉమ్మడి ఆస్తిగా చూస్తుంది. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో నేయని బట్టను ఆ పేరుతో అమ్మరాదు.

చిరునామా నమోదు చేసే మాధ్యమసంస్థ పట్టికలో ఈ ఉమ్మడి హక్కుకు గడి లేదు. అక్కడ పోచంపల్లి అన్నది పదకొండు రోమన్ అక్షరాల ఒక వరుస. మగ్గం ముందు కూర్చొన్న వ్యక్తి దాన్ని ముందు అడిగాడా, యంత్రం మీద అచ్చువేసిన నమూనాను అమ్మే దూరపు వర్తకుడు అడిగాడా అన్నది తేదీలను బట్టి తేలుతుంది. సరుకు విషయంలో మోసం జరిగితే ఫిర్యాదు చేసుకోవచ్చు. పదాన్ని వాడుకోకుండా ఊరికే పట్టుకొని కూర్చున్నవారిని మాత్రం కదిలించడం కష్టం. అందుచేత ఈ ప్రాంతపు నేతకార్మికులు కొత్తగా పేజీ తెరిచినప్పుడు ఊరిపేరు ఒక్కటే చాలుననుకోకుండా, పక్కన 'హ్యాండ్లూమ్' అనో 'వీవర్స్' అనో, తమ ఇంటిపేరో, సహకార సంఘం పేరో చేర్చుకోవలసి వస్తున్నది. తంతి చిరునామా రోజుల్లో పదం పక్కన ఊరు వచ్చేది. ఇప్పుడు ఊరు పక్కన మరో పదం రావలసి ఉంది.